గాలి మీద నడిచే బండికి యజమానే మెకానిక్కు

దూరప్రయాణాల టూరింగ్ మోటారుసైకిలుకు ఎయిర్ సస్పెన్షన్, అంటే ఉక్కు స్ప్రింగు బదులు గాలి ఒత్తిడితో బరువు మోసే ఏర్పాటు, పెట్టుకుంటే ఎలా ఉంటుందని అడిగేవారికి నేను చెప్పేది ఒక్కటే: మీ చేతులతో మీరే బిగించుకోండి, అందుకు ఓపిక లేకపోతే ఉక్కు స్ప్రింగులతోనే ఉండిపోండి. షాపుకు ఇచ్చే కూలి మిగుల్చుకోమని నేను అనడం లేదు. మంచి కిట్టు ధరే వెయ్యి డాలర్లు దాటుతుంది కనుక, అంత పెట్టగలిగినవారు కూలి దగ్గర వెనకాడనక్కరలేదు. గాలితో పనిచేసే ఏ ఏర్పాటైనా ఏదో ఒక రోజు, ఏదో ఒక అతుకు దగ్గర లీకవుతుంది. ఆ రోజు బండి మన గ్యారేజీలోనే ఉంటుందన్న హామీ లేదు. షాపు వంద మైళ్ల దూరంలో ఉన్న పశ్చిమ టెక్సాస్ మోటెల్ ముందు ఉన్నా ఉండవచ్చు. ఏ పైపు ఏ కవరు వెనక నుంచి పోతోందో, ఏ వాల్వు తరువాత ఎన్ని అతుకులున్నాయో అక్కడ తెలిసి ఉండవలసినవాడు బండి నడుపుతున్నవాడే.

ఈ అభిప్రాయానికి చరిత్రలోనే బలమైన ఆధారం ఉంది. 1954లో రోడ్డెక్కిన, అమెరికా బస్సు సంస్థ గ్రేహౌండ్ వారి సీనిక్రూయిజర్ బస్సుకు గాలి స్ప్రింగులు ఉండేవి. ఆ బస్సు ఇంజన్ల బాధలు వేరే కథ గాని, గాలి స్ప్రింగులు మాత్రం ఆ తరువాత బస్సుల్లో స్థిరపడిపోయాయి. 1957లో కాడిలాక్ తన ఎల్డొరాడో బ్రోమ్ కారుకు గాలి సస్పెన్షన్ ఇచ్చింది. అది అమెరికాలో అత్యంత ఖరీదైన కార్లలో ఒకటి. 1958లో కాడిలాక్ మాతృసంస్థ జనరల్ మోటార్స్ తన మిగతా కార్లకు కూడా అదే సౌకర్యాన్ని అదనపు ధరకు అమ్మింది. కార్లలో అది నిలవలేదు. గాలి దిగిపోయి నేలకు కరుచుకుపోతున్న బ్రోమ్‌లను యజమానులు ఒకరి తరువాత ఒకరు మామూలు కాయిల్ స్ప్రింగులకు మార్పించుకున్నారు. సూత్రం ఒకటే, కాలమూ ఒకటే. బస్సులో నిలిచినది కారులో ఎందుకు నిలవలేదంటే, సాంకేతిక లోపాలతో పాటు మరొక కారణం కూడా ఉందని నా నమ్మకం. బస్సు ప్రతిరోజూ సొంత గ్యారేజీకి చేరుతుంది. అక్కడ దాని పైపులు, వాల్వులు ఎరిగిన మనిషి ఉంటాడు. కారు కొన్న ధనవంతుడికి గాని, అతని ఊరి మెకానిక్కుకు గాని ఆ పరిచయం లేదు. మన ఆర్టీసీ గరుడ వోల్వో బస్సుల్లో కూర్చుని, కమాన్ పట్టీల బస్సుకూ దీనికీ ఇంత తేడా ఏమిటా అని ఆశ్చర్యపోయినవారికి ఆ సుఖం వెనక కూడా డిపో అనేది ఒకటి ఉందని గుర్తుచేయాలి. మోటారుసైకిలుకు డిపో లేదు, దాని యజమానే ఉన్నాడు.

ఇక మోటారుసైకిలు సంగతి. ఇందులో గాలి కొత్తది కాదు. హోండా 1980లో తెచ్చిన జీఎల్ 1100 గోల్డ్ వింగ్‌కు ముందూ వెనకా గాలితో సర్దుకునే సస్పెన్షన్ ఉంది; ఆ వరుసలోని తరువాతి బళ్లలో కొన్నిటికి కంప్రెసర్ కూడా బండి మీదే వచ్చింది. హార్లీ డేవిడ్‌సన్ టూరింగ్ బళ్లలో చాలావాటికి 2016 మోడల్ దాకా చాలా ఏళ్లపాటు వెనక షాకుల్లో, అంటే కుదుపులను మింగే గొట్టాల్లో, కాయిల్ స్ప్రింగుకు తోడుగా గాలి ఉండేది. ఆ గాలి పరిమాణం ఎంత తక్కువంటే, మామూలు గేజి పెట్టి తీస్తేనే కొంత గాలి పోయి లెక్క తప్పుతుంది. అందుకే చిన్న చేతి పంపుతో నింపమంటారు, పెట్రోలు బంకు గొట్టం దగ్గరకు పోవద్దంటారు. 2017లో కొత్త ఇంజనుతో పాటు ఆ షాకులు పోయి, మర తిప్పి స్ప్రింగు బిగువు సర్దుకునే రకం వచ్చింది. ఈరోజు ఎయిర్ రైడ్ అని అమ్ముతున్నవి వీటికి భిన్నం. వాటిలో చాలావరకు గాలే ప్రధానమైన స్ప్రింగు. 12 వోల్టుల కంప్రెసర్, గాలిని లోపలికి పంపేందుకూ బయటికి వదిలేందుకూ విద్యుత్ వాల్వులు, హ్యాండిల్ మీద ఒక స్విచ్, కొన్నిటిలో బండిని వేగంగా లేపేందుకు గాలిని ముందే నింపి ఉంచే చిన్న ట్యాంకు, ఇవన్నీ కలిపి కిట్టు. దక్షిణ డకోటాలోని లెజెండ్ వంటి సంస్థలు వీటిని చేస్తున్నాయి.

నా బండి 2015 నాటి హార్లీ అల్ట్రా లిమిటెడ్. పెట్రోలు నింపితే దాదాపు 400 కిలోలు తూగుతుంది. మనుషులు, సామాను కలిపి తయారీదారు అనుమతించే మొత్తం బరువు 1360 పౌండ్లు, అంటే సుమారు 617 కిలోలు. ఒక్కడినే వెళ్లే రోజున ఆ బండి మీద ఉండే అదనపు బరువు 75 కిలోలు. నా భార్యతో కలిసి, మూడు పెట్టెలూ నింపుకుని కొలరాడోకు బయలుదేరే రోజున అది 170 దాటుతుంది. వెనక చక్రానికి ఉన్న కదలిక మాత్రం రెండు సందర్భాల్లోనూ మూడు అంగుళాలే. ఈ మూడు అంగుళాల్లో మనం కూర్చున్నప్పుడు దిగేది సుమారు మూడో వంతు, అంటే ఒక అంగుళం ఉంటే, మిగతా రెండు అంగుళాలు గుంతలను మింగడానికి మిగులుతాయి. ఒంటరిగా వెళ్లేటప్పటికి సరిపోయే ఉక్కు స్ప్రింగు, ఇద్దరెక్కి సామాను పెట్టేసరికి కదలికలో చాలా భాగాన్ని తానే తినేస్తుంది. అప్పుడు వంతెన మీద ప్రతి అతుకూ నేరుగా నడుముకు తగులుతుంది.

గాలి గొప్పతనం ఇక్కడే కనబడుతుంది. బరువు పెరిగినప్పుడు గాలి నింపి, బండిని మళ్లీ అదే ఎత్తుకు తెస్తే, లోపలి పీడనం బరువుతో పాటు పెరుగుతుంది. స్ప్రింగు గట్టిదనం కూడా దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఉక్కు స్ప్రింగుకు మర తిప్పినప్పుడు ఎత్తు మారుతుందే గాని దాని గట్టిదనం మారదు. గాలి స్ప్రింగు మోస్తున్న బరువును బట్టి తన స్వభావాన్నే మార్చుకుంటుంది. ఒక్కరున్నప్పుడు ఊగే వేగమూ, ఇద్దరున్నప్పుడు ఊగే వేగమూ దాదాపు ఒకటిగా ఉండటానికి ఇదే కారణం. కాని ఇది స్ప్రింగు పని మాత్రమే. ఊపును ఆపే పని షాకులోని నూనెది. గాలి మారినంత మాత్రాన నూనె దారుల వెడల్పు మారదు కనుక, ఒక్కరికి సరిపోయేలా కట్టిన డాంపింగు, అంటే ఊపును ఆపే ఆ ఏర్పాటు, బరువెక్కిన బండిని గట్టిగా పట్టలేక, గుంత దాటాక కూడా బండిని రెండు మూడుసార్లు ఊగనిస్తుంది. కిట్టు కొనేవారు కంప్రెసర్ ఎంత వేగంగా ఎత్తుతుందని అడిగినంతగా, రీబౌండు, అంటే నొక్కుకున్న షాకు తిరిగి సాగే వేగం, సర్దుకునే మర ఉందా అని అడగడం నేను చాలా తక్కువగా చూశాను. రెండు సెకన్లలో లేచే బండి చూపరులకు వేడుక. రీబౌండు మర వెనక కూర్చున్న మనిషికి విశ్రాంతి. డబ్బు పరిమితంగా ఉంటే ట్యాంకు మానేసి మంచి షాకు కొనమంటాను.

అసలు చాలామంది ఈ పని మొదలుపెట్టేది బండి నేలకు ఆనేలా కనబడాలని. ర్యాలీల్లో వరుసగా నిలిపిన బళ్లలో ఆ అందం లేదనను. ఆపినప్పుడు దించడం, పొట్టివారికి కాళ్లు ఆనేలా సిగ్నలు దగ్గర కాస్త దించుకోవడం నిజమైన సౌకర్యాలే. దించి నడపడాన్ని మాత్రం ఏ వాదంతోనూ సమర్థించలేం. పూర్తిగా దిగిన షాకులో కదలిక ఉండదు. బండి రబ్బరు బఫర్ మీద కూర్చుంటుంది. ఫుట్‌బోర్డులు మలుపు మొదట్లోనే రోడ్డును గీస్తాయి. వెనక భాగం దిగినకొద్దీ ముందు ఫోర్కు మరింత వాలి, హ్యాండిల్ బరువెక్కుతుంది. హెడ్‌లైటు ఎదుటివారి కళ్లలోకి లేస్తుంది. టెక్సాస్ హిల్ కంట్రీలో 335, 336, 337 నంబర్ల రాంచ్ రోడ్ల మీద, జనం ట్విస్టెడ్ సిస్టర్స్ అని పిలిచే ఆ మలుపుల్లో, దించిన బండితో వెళ్లేవాడు వంగడానికి మిగిలిన కొద్ది కోణాన్ని కూడా ముందే ఖర్చుపెట్టేసుకున్నట్టే.

బిగించే పనికి వస్తే, షాకులు మార్చడం అందులో సులువైన భాగం. బ్యాటరీ నెగటివ్ తీగ తీయాలి. సైడు పెట్టెలు విప్పాలి. ఫ్రేము కింద జాకీ పెట్టి, బండి ఒరగకుండా పట్టీలతో కట్టాలి. బండి బరువు షాకుల మీద గాని, చక్రం వేలాడే బరువు బోల్టుల మీద గాని పడనంత ఎత్తులో జాకీ నిలపగలిగితే బోల్టులు చేతితో లాగినా వచ్చేస్తాయి. సుత్తి తీయవలసి వస్తోందంటే ఎత్తు సరిగా లేదన్నమాట. తిరిగి బిగించేటప్పుడు బిగువు అంకెలు ఆ సంవత్సరపు సర్వీసు పుస్తకంలోవే తీసుకోవాలి, ఎందుకంటే అవి మోడల్‌ను బట్టి మారాయి.

షాపుల్లో హడావుడిగా చేసేవారు దాటవేసేదీ, ఇంట్లో చేసుకునేవారు తీరిగ్గా చేయగలిగేదీ దీని తరువాతి పరీక్ష. షాకుల్లో బొత్తిగా గాలి లేకుండా, జాకీ దించి, బండి మీద ఇద్దరు కూర్చుని చూడాలి. టైరుకూ వెనక మడ్‌గార్డుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో, మడ్‌గార్డు లోపలి బోల్టు తలలకూ లైట్ల వైర్లకూ టైరు తగిలే అవకాశం ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది. దారిలో గాలి మొత్తం పోతే బండి చేరే స్థితి సరిగ్గా అదే. ఆ స్థితిలో టైరు దేనికీ తగలకపోతే గాలి పోవడం అసౌకర్యం మాత్రమే, తగిలితే ప్రమాదం. తరువాత బండిని పూర్తిగా పైకెత్తి, ఇంజను నుంచి వెనక చక్రాన్ని తిప్పే బెల్టు చూడాలి. ముందు పుల్లీ, వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే స్వింగ్ ఆర్మ్ ఇరుసు, వెనక ఇరుసు ఒకే గీత మీదికి వచ్చినప్పుడు బెల్టు అన్నిటికంటే బిగువుగా ఉంటుంది. ఎత్తు ఇంతగా మారే బండికి బెల్టు వదులును ఆ బిగువైన చోట చూసి సర్దాలి. ఏదో ఒక ఎత్తులో చూసి వదిలేస్తే బేరింగులు దెబ్బతింటాయి. ఏబీఎస్ సెన్సరు వైరూ, బ్రేకు గొట్టమూ ఈ రెండు చివరల్లోనూ లాగబడకుండా ఉన్నాయో లేదో కూడా ఇప్పుడే చూడాలి.

సైడ్ స్టాండు సంగతి చాలామందికి తట్టదు. బండి దిగినకొద్దీ స్టాండు పొడవు ఎక్కువైనట్టే, కనుక బండి ఎడమకు ఒరగడం మాని నిటారుగా నిలబడుతుంది. రాత్రి లీకై మెల్లగా దిగిపోయిన 400 కిలోల బండి తెల్లవారేసరికి కుడివైపు పడిపోవడానికి ఒక గాలి వాటు చాలు. పొట్టి స్టాండు వేసుకుంటే పూర్తి ఎత్తులో బండి మరీ ఒరిగిపోతుంది. కొత్తగా బిగించిన తొలి రోజుల్లో రాత్రిపూట బండిని జాకీ మీదే ఉంచడం మేలు.

పైపుల పనిలో నిదానం కావాలి. నైలాను గొట్టాన్ని కటింగు ప్లయరుతో కోస్తే కొస నలిగి అండాకారం అవుతుంది. లోపలికి నొక్కి బిగించే ఫిట్టింగులో రబ్బరు రింగు దాని చుట్టూ సరిగా కూర్చోదు. పదునైన బ్లేడున్న ట్యూబు కట్టరుతో నిలువుగా కోసి, ఎంత లోతు దిగాలో గొట్టం మీద ముందే గీత పెట్టుకుని, ఆ గీత కనబడకుండా పోయేదాకా నొక్కాలి. మర ఉన్న అతుకులకు తెల్ల టేపు చుట్టడం మన అలవాటు. ఆ టేపు పోగు ఒకటి తెగి వాల్వులో చిక్కుకుంటే వాల్వు పూర్తిగా మూసుకోదు, బండి రోజూ కాస్త కాస్త దిగుతుంది, ఏ అతుకుకు సబ్బు నురగ పూసినా బుడగ కనబడదు. అందుకే మరకు ముందే పూత ఉన్న ఫిట్టింగులు గాని, ద్రవ రూపంలోని సీలెంటు గాని వాడాలి. రెండు షాకులనూ T ఆకారంలో ఉండే ఒకే టీ అతుకుతో కలపాలి, అప్పుడే రెండిటిలోనూ పీడనం సమానంగా ఉండి స్వింగ్ ఆర్మ్ మెలితిరగదు. గొట్టాన్ని సైలెన్సర్ వేడికి దూరంగా తీసుకెళ్లాలి. షాకు కదిలేచోట కాస్త వదులు ఉంచాలి. పెట్టె మూసినప్పుడు నలగకుండా చూడాలి. ఇవన్నీ ఎవరికైనా తోచే విషయాలే, కాని వేరొకరి బండి మీద మధ్యాహ్నంలోగా పని ముగించాలనుకునేవారికి తోచవు.

వైరింగు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కంప్రెసర్ చాలా ఆంపియర్లు లాగుతుంది కనుక కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి, దాని పక్కనే ఫ్యూజు పెట్టి, రిలే మీదుగా, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్ మీదుగా, రావాలి. నెగటివ్ తీగ రంగు పూసిన ఫ్రేముకు కాక బ్యాటరీకే చేరాలి. 2014 తరువాతి టూరింగ్ హార్లీల స్విచ్‌లు కంప్యూటరు భాషలో మాట్లాడుకుంటాయి కనుక, ఆ వైర్లను గీకి అతకడం తప్పు. కిట్టు స్విచ్‌కు విడిగా వైరు వేసుకోవాలి.

ఇక లీకుల గురించి. పంక్చరు షాపులో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం చూసినట్టే, మనం ప్రతి అతుకుకూ సబ్బు నీళ్లు పూసి చూస్తాం. కాని అంతకుముందు అసలు లీకు ఉందో లేదో తెలియాలి. చాలామంది ఇక్కడే గేజిని నమ్మి మోసపోతారు. గాలి ఒక్కటే బరువు మోసే షాకులో పీడనాన్ని చాలావరకు నిర్ణయించేది పైనున్న బరువు. కొంత గాలి పోతే బండి దిగుతుంది; కాని మోయవలసిన బరువు అంతే ఉంది కనుక, బఫర్ మీద కూర్చునేదాకా పీడనం పెద్దగా మారదు. గేజి మామూలుగానే ఉంటుంది, బండి మాత్రం అంగుళం దిగి ఉంటుంది. కనుక కొలవవలసింది ఎత్తు. వెనక ఇరుసు మధ్య నుంచి మడ్‌గార్డు మీద గుర్తు పెట్టుకున్న ఒక చోటుకు టేపు పెట్టి, రాత్రి ఒకసారీ ఉదయం ఒకసారీ కొలిచి రాసుకుంటే, ఏ గేజీ చెప్పని సంగతి తెలుస్తుంది. కవర్లన్నీ మూసే ముందు ఒక రోజంతా బండిని అలా వదిలేయమనడం అందుకే.

అయితే దిగిన ప్రతిసారీ లీకు అనుకోకూడదు. డాలస్‌లో 35 డిగ్రీల సాయంత్రం నింపిన గాలి, కొలరాడో కొండల్లో 5 డిగ్రీల ఉదయానికి దాదాపు పదో వంతు కుంచించుకుపోతుంది. చుక్క గాలి పోకుండానే బండి కిందికి దిగుతుంది. ఎండెక్కాక మళ్లీ లేస్తుంది. ఈ సంగతి తెలియనివారు చల్లని ఉదయం పూట కంప్రెసర్ నొక్కి, మధ్యాహ్నం బండి గట్టిగా ఎగురుతోందని, కిట్టే బాగాలేదని విసుక్కుంటారు. చలికి రబ్బరు రింగులు గట్టిపడి నిజంగానే లీకయ్యే సందర్భాలూ ఉన్నాయి. ఎండెక్కాక ఎత్తు తిరిగి వస్తుందా లేదా అన్నదే రెండిటినీ వేరుచేసే పరీక్ష. ట్యాంకు ఉన్నవారు అందులో పేరుకునే నీటిని అప్పుడప్పుడు వదిలేయాలి. ఆ నీరు గొట్టంలో గడ్డకడితే వాల్వు పనిచేయదు.

కిట్టులో చాలావరకు ఇవ్వనిదీ, నేను తప్పనిసరి అనేదీ ఒకటుంది: షాకులకు పోయే గొట్టంలో, వాల్వులు దాటిన తరువాత, మరో టీ అతుకు వేసి, దానికి టైరుకుండేలాంటి వాల్వు ఒకటి, చేతికి అందేచోట పెట్టుకోవడం. కంప్రెసర్ కాలిపోయినా, ఫ్యూజు పోయినా చేతి పంపుతో నింపుకుని ఊరు చేరవచ్చు. విద్యుత్ వాల్వే లీకవుతుంటే గొట్టాన్ని అక్కడ తీసేసి, షాకుల వైపు కొసకు బిరడా పెట్టి, ఈ వాల్వు గుండా నింపితే చాలు. దీనికి పెట్టెలో ఉండవలసింది మూరెడు గొట్టం, రెండు జోడింపు ఫిట్టింగులు, ఒక బిరడా, చిన్న కట్టరు, పంపు. గుప్పెడు సామాను. అవి ఎక్కడ పెట్టాలో తెలియాలంటే మాత్రం ఆ గొట్టాన్ని ఒకసారైనా మనం పరిచి ఉండాలి.

ఉక్కు స్ప్రింగుల పక్షం వహించేవారితో నాకు పెద్ద తగవు లేదు. ఎప్పుడూ ఒంటరిగా వెళ్లేవారికి, తమ బరువుకు తగిన స్ప్రింగు వేయించుకున్న మంచి షాకుల జత గాలికంటే మెరుగు. అందులో పాడయ్యేవి తక్కువ. గాలి వల్ల మేలు బరువు తరచుగా మారేవారికే. అలాగే, ఎంత గాలి నింపినా 617 కిలోల పరిమితి పెరగదు. ఆ పరిమితి ఫ్రేముది, టైర్లది, బ్రేకులది కూడా. ఎత్తు సరిగా కనబడుతోంది కదా అని ఇంకో పెట్టె కట్టేవారిని చూసినప్పుడు, బండి కుంగి చేసే హెచ్చరికను కూడా గాలి దాచేస్తోందనిపిస్తుంది.

హైదరాబాదులో, విజయవాడలో హార్లీలు నడుపుతున్న మిత్రులు ఈ కిట్టులు తెప్పించుకోవచ్చా అని అడుగుతుంటారు. అక్కడ మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. తయారీదారు ఇచ్చిన ప్రమాణాలను మార్చడానికి అది హద్దులు గీసింది. బిగించే ముందు రవాణా శాఖను అడిగి తీరాలి. స్పీడు బ్రేకర్ల దేశంలో దించి నడిపే మాట ఎలాగూ లేదు. 2016 గాని అంతకు ముందుది గాని అయిన టూరింగ్ బండి కొన్నవారు కిట్టు గురించి ఆలోచించకముందు, తమ షాకుల్లో ఇప్పటికే గాలి వాల్వు ఉందో లేదో వెతకాలి. పాత యజమాని ఎన్నడూ గాలి నింపని బళ్లు చాలా ఉంటాయి. గాలి పోనివ్వని గేజి ఉన్న షాకు పంపు ఒకటి కొని, యజమాని పుస్తకంలో బరువుకు తగినట్టు ఇచ్చిన పట్టిక ప్రకారం నింపి, ఇద్దరు కూర్చుని వంద కిలోమీటర్లు తిరిగి రండి. ఆ తరువాత కూడా చాలదనిపిస్తే, అప్పుడు కిట్టు సంగతి మాట్లాడుకుందాం.